ఒంటిపూట పాతబస్తీ

రోజును రెండుగా విరిచి లెక్కపెట్టుకోవడానికి తెలుగులో ‘పూట’ అనే మాట ఉంది. ఎండలు ముదిరితే బడి ఒంటిపూట నడుస్తుంది, కూలి పూటకింత అని బేరం కుదురుతుంది, చుట్టం పూట ఉండి వెళ్తాడు. పర్యాటక వ్యాపారంలో ‘హాఫ్ డే టూర్’ అని అమ్మేది ఈ పూటనే. నాలుగు గంటలు అటూ ఇటూగా, ఒక గైడు, ఒక కుటుంబమో నలుగురైదుగురు స్నేహితులో, ఒక కారు. మిగతావాళ్లెవరూ ఉండరు. ముక్కూమొహం తెలియని నలభైమందితో బస్సెక్కి, జెండా ఎత్తిపట్టిన మనిషి వెనక పరుగులు తీయనక్కర్లేదు. ఆగమంటే ఆగుతారు, అడిగితే చెబుతారు, అమ్మమ్మకు మోకాళ్ల నొప్పులుంటే మెట్లు మానేసి నీడలో కూర్చోబెట్టి కథ చెబుతారు. ఎక్కువ డబ్బు ఇచ్చేది దీనికే.

పాత ఊళ్లన్నీ పూటలో చూడగలిగేవి కావు. చూడాల్సినవి దగ్గర దగ్గరగా ఉండాలి. హైదరాబాద్ పాతబస్తీ ఆ లెక్కకు బాగా అందుతుంది. చార్మినార్ నుంచి నాలుగడుగులు వేస్తే మక్కా మసీదు, పడమటి వైపు తిరిగితే లాడ్ బజారు, పది నిమిషాలు నడిస్తే చౌమహల్లా ప్యాలెస్, కిలోమీటరున్నర దూరంలో మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియం. గోల్కొండ మాత్రం పది కిలోమీటర్ల అవతల. దానికి వేరే పూట కావాలి. రెండింటినీ ఒకే పూటలో చూపిస్తామనే ప్యాకేజీలు దొరుకుతాయి గాని, వాటిలో అన్నిటికంటే ఎక్కువగా చూసేది ముందున్న ఆటో వెనక భాగాన్ని.

దారి చూపేవాళ్లు

ఊరు తిప్పి కథ చెప్పే వృత్తి చాలా పాతది. క్రీస్తుశకం 2వ శతాబ్దంలో గ్రీసు దేశమంతా తిరిగి గ్రంథం రాసిన పౌసానియస్‌కు ఊరూరా స్థానిక గైడులు తగిలారు. ఆర్గోస్ నగరంలోని గైడులకు తాము చెప్పేదంతా నిజం కాదని తెలుసనీ, అయినా చెబుతూనే ఉంటారనీ ఆయన నమోదు చేశాడు. వృత్తిలోని ప్రధాన రోగాన్ని ఇంత తొందరగా, ఇంత సూటిగా పట్టుకున్నవాడు మరొకడు లేడు. ఇటలీలో గైడుకు ‘చిచెరోనే’ అని పేరు. రోమన్ వక్త సిసెరో పేరు మీదుగా వచ్చిందది, బహుశా వాగ్ధాటిని చూసి.

మన దేశంలో ఆ పని క్షేత్రాల్లో పండాలు చేశారు. స్నానఘట్టం దగ్గర్నుంచి బస దాకా వాళ్లే చూసుకునేవారు, తాతముత్తాతల పేర్లు చిట్టాల్లో చూపించేవారు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య దారిలో హైదరాబాద్‌లో మజిలీ చేసి, చూసింది రాసిపెట్టాడు. తెలుగులో యాత్రా రచన అనగానే మొదట గుర్తొచ్చేది ఆయన కాశీయాత్ర చరిత్రే. హైదరాబాద్ కట్టడాలను పద్ధతిగా పట్టికకు ఎక్కించడం నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖను నెలకొల్పి, గులాం యాజ్దానీని దాని అధిపతిగా పెట్టాక జరిగింది. 1927లో సయ్యద్ అలీ అస్గర్ బిల్‌గ్రామీ ఇంగ్లీషులో ‘ల్యాండ్‌మార్క్స్ ఆఫ్ ది డెక్కన్’ తెచ్చాడు. హైదరాబాద్ నగరం, దాని చుట్టుపక్కల కట్టడాలు, శాసనాల గురించి ఇప్పటికీ సంచిలో పెట్టుకోదగ్గ పుస్తకం అది.

ఇవాళ కేంద్ర రక్షిత కట్టడాల్లో లైసెన్సు లేకుండా గైడుగా పనిచేయకూడదు. కేంద్ర పర్యాటక శాఖ గుర్తింపు ఉన్న ప్రాంతీయ గైడులు ఎప్పటినుంచో ఉన్నారు. 2020 నుంచి ఆన్‌లైన్‌లో చదివి పరీక్ష రాసే ‘ఇన్‌క్రెడిబుల్ ఇండియా టూరిస్ట్ ఫెసిలిటేటర్’ పద్ధతి కూడా వచ్చింది. గుర్తింపు గైడుల రుసుములో నాలుగు గంటలు సగం రోజు, ఎనిమిది గంటలు పూర్తి రోజు. ఐదుగురి దాకా ఒక ధర, పద్నాలుగు మంది దాకా ఒకటి, ఆపైన మరొకటి. ఇంగ్లీషు కాక వేరే విదేశీ భాషలో చెప్పాలంటే అదనం. మెడలో వేలాడే కార్డును అడిగి చూడడం మర్యాద తక్కువేం కాదు. కార్డు ఉన్నవాళ్లు సంతోషంగానే చూపిస్తారు.

గంటల లెక్క

పాతబస్తీ తన టైము ప్రకారమే లేస్తుంది. చార్మినార్ తొమ్మిదింటికి తెరుస్తారు, చౌమహల్లా, సాలార్‌జంగ్ పదింటికి. లాడ్ బజారులో షట్టర్లు పదకొండు దాటాక గాని పూర్తిగా పైకి లేవవు. మధ్యాహ్నపు నమాజు వేళకు మక్కా మసీదులో సందర్శకులు తప్పుకోవాలి. చౌమహల్లా, సాలార్‌జంగ్ రెండింటికీ శుక్రవారం సెలవు, పైగా ఆ రోజు జుమ్మా నమాజుకు చార్మినార్ చుట్టూ జనం నిండిపోతారు. అందుకని శుక్రవారం వద్దని ముందే చెప్పే గైడును నమ్మవచ్చు. రంజాన్ నెలలో లెక్క మొత్తం తిరగబడుతుంది. పగలంతా ఊరు కునుకుతుంది, రాత్రి రెండింటికి లాడ్ బజారులో అడుగు పెట్టే సందు ఉండదు. ఆ నెలలో పూట అంటే రాత్రిపూటే.

తెల్లవారి ఏడు గంటలకే వచ్చేవాళ్లకు ఇంకో లాభం ఉంది. చార్మినార్ పక్కన ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ దొరుకుతాయి, పావురాలు తప్ప ఇంకెవరూ ఫొటోకు అడ్డం రారు. లోపలికి వెళ్లడానికి రెండు గంటలు ఆగాలి. కాని చార్మినార్‌ను లోపలి కంటే బయటి నుంచే బాగా చూడగలం.

చార్మినార్ దగ్గర ‘ట’

గోల్కొండ కోటలో జనం కిక్కిరిసి, నీళ్లకు కటకటగా ఉన్న రోజుల్లో కుతుబ్‌షాహీ వంశంలో ఐదో సుల్తాను మహమ్మద్ కులీ మూసీకి దక్షిణాన కొత్త నగరానికి ముగ్గు పోయించాడు. నది మీద పురానాపూల్ అప్పటికే, అతని తండ్రి ఇబ్రహీం కాలంలో, 1578లో కట్టి ఉంది. ఇరాన్‌లోని అస్త్రాబాద్ నుంచి వచ్చి పేష్వా అయిన మీర్ మోమిన్ నగర పథకానికి సూత్రధారి. రెండు పెద్ద దారులు కలిసేచోట 1591లో చార్మినార్ లేచింది. ఒక్కో వైపు సుమారు 20 మీటర్ల చదరం, నాలుగు దిక్కులకు నాలుగు కమాన్లు, మినార్ లోపల మెలికలు తిరిగే 149 మెట్లు, పైఅంతస్తులో పడమటి వైపు చిన్న మసీదు. ఇప్పుడు సందర్శకులను మొదటి అంతస్తు దాకే వెళ్లనిస్తారు. నాలుగు వైపులా కనిపించే గడియారాలు తర్వాత చేరినవి, 1889లో పెట్టారు.

ఇంతవరకు గైడ్‌బుక్ చాలు. ఎందుకు కట్టారు అన్న ప్రశ్న దగ్గర గైడు అవసరం మొదలవుతుంది.

ఊళ్లో ప్లేగు తగ్గినందుకు మొక్కు చెల్లించడానికి కట్టించాడట. ప్రేయసి భాగమతిని మొదటిసారి చూసిన చోట కట్టించాడట. ఒక కమాను మీద సున్నంతో మలచిన పిల్లి తల ఒకటి ఉంది. ప్లేగు తెచ్చే ఎలుకల్ని బెదిరించడానికట. ఇక్కణ్నుంచి గోల్కొండ దాకా సొరంగం ఉందట. ఈ ‘ట’ను గమనించండి. కళ్లారా చూడనిదాన్ని, ఎవరో చెప్పగా విన్నదాన్ని క్రియ చివర ఒక్క అక్షరంతో వేరుచేసి చూపే సౌకర్యం తెలుగుకు ఉంది. ‘కట్టించాడు’ అంటే పూచీ నాది. ‘కట్టించాడట’ అంటే పూచీ లోకానిది. పాతబస్తీలో పుట్టి పెరిగిన గైడు నోట్లోని దక్కనీకి కూడా ఈ సౌకర్యం ఉండడం విశేషం. అక్కడ ‘కతే’ అంటారు. ‘ఆయా కతే’ అంటే వచ్చాడట. ఇంగ్లీషులోకి మారగానే ఈ అక్షరం జారిపోతుంది, విన్నదంతా చరిత్ర అయి కూర్చుంటుంది. మంచి గైడుకూ మామూలు గైడుకూ తేడా ఎక్కడుందని అడిగితే, ‘ట’ను సరైన చోట పెట్టడంలో ఉందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

తేదీకి సంబంధించిన ఒక కిటుకు మాత్రం కాగితం, పెన్ను తీసుకుని చూపించదగ్గది. అరబ్బీ అక్షరాలకు అంకెల విలువలున్నాయి. దాన్ని అబ్జద్ లెక్క అంటారు. చార్మినార్ కట్టిన ఏడాదిని ‘యా హాఫిజ్’, అంటే ‘ఓ రక్షకుడా’, అనే మాటలో దాచారని చెబుతారు. యా అనే మాటలో యే 10, అలిఫ్ 1. హాఫిజ్‌లో హే 8, అలిఫ్ 1, ఫే 80, జోయ్ 900. కూడితే సరిగ్గా 1000. హిజ్రీ 1000వ సంవత్సరం 1591 అక్టోబరులో మొదలైంది. సహస్రాబ్ది నిండే ఏడాదిలో ఒక రాజు తన కొత్త రాజధాని నడిబొడ్డున స్మారకం లేపాడనడానికి ప్లేగూ అక్కర్లేదు, ప్రేమా అక్కర్లేదు. ఏడో తరగతి పిల్లలు ఈ కూడికను తమ వేళ్ల మీద వేసి చూసుకుంటారు. ఆ రోజు ఇంటికి వెళ్లాక వాళ్లకు గుర్తుండేది ఇదొక్కటే కావచ్చు.

భాగమతి సంగతి ఇంత తేలిగ్గా తేలదు. ఆ కాలంలోనే బీజాపూర్‌లో ఉండి చరిత్ర రాసిన ఫెరిష్తా ఈ నగరాన్ని భాగ్‌నగర్ అనీ, ఆ పేరు భాగమతి వల్ల వచ్చిందనీ రాశాడు. కుతుబ్‌షాహీల మీద సాధికారికంగా రాసిన హారూన్ ఖాన్ షేర్వాణీ ఆమెను కట్టుకథగా కొట్టిపారేశాడు. నగర చరిత్రకారుడు నరేంద్ర లూథర్ ఆమె ఉందనే వాదించాడు. గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధుల్లో తారామతి, ప్రేమామతి అనే నర్తకీమణులకు చోటు దొరికింది గాని, నగరానికే పేరిచ్చిందనే భాగమతి సమాధి లేదు. ఈ నాలుగు ముక్కలూ చెప్పి ఊరుకునే గైడు దొరికితే ఆ పూట దక్కినట్టే. ‘మొత్తానికి ఉందా, లేదా’ అని నిలదీసేవాళ్లు ప్రతి బృందంలోనూ ఒకరుంటారు. వాళ్ల కోసం చాయ్ చెప్పడం మంచిది.

కమాన్లు, షాండిలియర్లు

చార్మినార్‌కు ఉత్తరాన కాస్త దూరంలో చార్ కమాన్ ఉన్నాయి. చార్మినార్ కట్టిన మరుసటి ఏడు లేచిన నాలుగు ఎత్తైన తోరణాలవి. వాటి నడుమ గుల్జార్ హౌజ్ అనే నీటికుండం. పడమటి కమాను గుండా ఒకప్పుడు సుల్తాను మహలుకు దారి ఉండేది. 1687లో మొగలులు గెలిచాక ఆ మహళ్లు పోయాయి, తోరణాల కింద నుంచి ఇప్పుడు స్కూటర్లు పోతున్నాయి. ఇక్కడ కారు ఆపడానికి వీలుండదు గనక చాలా టూర్లు వీటిని అద్దంలోంచే చూపిస్తాయి. నడిస్తే ఐదు నిమిషాలే, అదీ ఉదయం.

చౌమహల్లా అసఫ్‌జాహీల, అంటే నిజాముల, దర్బారు. 18వ శతాబ్దం నడుమ సలాబత్ జంగ్ మొదలుపెట్టించగా, ఐదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో (1857–69) పూర్తయింది. చాలా ఏళ్లు పాడుబడి ఉన్నదాన్ని మరమ్మతు చేయించి జనానికి తెరిచారు. ఆ పనికి 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం దక్కింది. ఖిల్వత్ ముబారక్ హాలులో బెల్జియం గాజు షాండిలియర్లు పంతొమ్మిది వేలాడుతుంటాయి. వాటి కింద నిలబడి మెడ వెనక్కి వంచిన సందర్శకులు నిజాం కూర్చునే పాలరాతి వేదికను చూడకుండానే వెళ్లిపోతుంటారు.

సాలార్‌జంగ్ మ్యూజియాన్ని పూటలో ఇరికించడం అన్యాయం. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పోగేసిన వస్తువులతో 1951 డిసెంబరు 16న నెహ్రూ చేతుల మీదుగా తెరుచుకున్న ఈ మ్యూజియానికి ఒక రోజు కూడా చాలదు. టైము లేనివాళ్లు రెండింటితో తృప్తిపడతారు. ఒకటి, ఇటలీ శిల్పి బెంజోని చెక్కగా, మొదటి సాలార్‌జంగ్ 1876లో కొన్న మేలిముసుగు రెబెకా. పాలరాయి ముఖం మీద పాలరాయి ముసుగు, ముసుగులోంచి ముఖం. రెండోది కుక్ అండ్ కెల్వీ గడియారం. గంట కొట్టే వేళకు గడ్డం మనిషి బొమ్మ ఒకటి తలుపు తీసుకుని బయటికొచ్చి సుత్తితో గంటలు కొట్టి లోపలికి వెళ్లిపోతుంది. పన్నెండు దెబ్బలు వినాలని అందరూ మధ్యాహ్నానికే గుమిగూడతారు. పదకొండు గంటలకు వెళ్తే ఒక్క దెబ్బ తగ్గుతుంది గాని ముందు వరసలో కుర్చీ దొరుకుతుంది.

లాడ్ బజారు

గాజుల బజారు అని పేరుపడ్డ ఈ వీధిలో కొనడం అందరికీ తెలుసు. చేయడం చూడాలంటే గైడు పక్కసందులోకి తిప్పాలి. కుంపటిలో బొగ్గులు కణకణలాడుతుంటాయి. కర్ర కొసకు అంటించిన లక్క ముద్దను పనివాడు సెగ మీద తిప్పుతూ మెత్తబరుస్తాడు, రేకు మీద దొర్లించి సన్నటి కడ్డీగా సాగదీస్తాడు, కొలతకు తెగ్గోసి గుండ్రంగా వంచి కొసలు అతికిస్తాడు. తర్వాత రాళ్లు పొదగడం. పక్కనే కూర్చున్నావిడ రాయిని ఒక్కొక్కటే తీసి లక్క మీద పెట్టి నొక్కుతుంది. లక్క మరీ వేడిగా ఉంటే రాయి కూరుకుపోతుంది, చల్లారితే అంటుకోదు. ఆ మధ్య ఉన్న కాసేపట్లోనే వరస పూర్తవ్వాలి. మాటల్లో పెట్టి ఆమెను పలకరిస్తే జవాబు రాదు, అందుకు కారణం ఇది. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. వెండి రేకు కొట్టేవాళ్లు కూడా ఈ చుట్టుపక్కల ఉండేవారు. తోలు పుస్తకం పొరల మధ్య వెండి ముక్కలు పెట్టి, ఊపిరికే ఎగిరిపోయేంత పలచబడేదాకా సుత్తితో కొడుతుండేవారు. ఆ టకటకలు ఇప్పుడు తగ్గిపోయాయి, మిఠాయి మీద రేకులు మాత్రం తగ్గలేదు, మిషన్లు వచ్చాయి.

ఇక పత్తర్‌గట్టి ముత్యాలు. సముద్రం లేని ఊరికి ముత్యాల పేరు రావడానికి కారణం వ్యాపారం, నిజాముల మోజు, రంధ్రం వేసే నేర్పు. బస్రా నుంచి వచ్చేవి ఒకప్పుడు, చైనా నుంచి వచ్చేవి తర్వాత. ‘అసలైన ముత్యాలు నాకు తెలిసిన షాపులోనే’ అని గైడు అన్నాడంటే అందులో అతనికి కమీషన్ ఉందని అర్థం చేసుకోవాలి. ఇది ప్రపంచమంతటా ఉన్న ఏర్పాటు. అతన్ని తిట్టుకోనక్కర్లేదు, బజారు కోసం ఇన్ని నిమిషాలని ముందే చెప్పుకుంటే సరిపోతుంది. ఒకసారి బంధువులతో వెళ్లినప్పుడు నాలుగు గంటల పూటలో గంటా పది నిమిషాలు ఒక షాపు సోఫాలో కూల్‌డ్రింకు తాగుతూ గడిచాయి. కొన్నది ఒక చెవిపోగుల జత.

గోల్కొండ పూట

దీనికి సాయంత్రం పూట బాగుంటుంది, ఎండ దిగాక మెట్లెక్కవచ్చు. ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ మీది బాలాహిసార్ దాకా వినిపించడం అందరూ చేసి చూస్తారు. తెలుగువాళ్లు వెతుక్కునేది రామదాసు చెర. భద్రాచలం గుడి కట్టించిన కంచర్ల గోపన్నను తానీషా బంధించాడని చూపే గది అక్కడుంది. ఆషాఢంలో బోనాలు మొదలయ్యేది కూడా ఈ కోటలోనే. ఒక సవరణ మాత్రం ఏ గైడైనా చేయాల్సిందే. గోల్కొండలో వజ్రాలు పండలేదు. కృష్ణా తీరంలోని కొల్లూరు లాంటి గనుల్లో దొరికినవి ఇక్కడికి అమ్మకానికి వచ్చేవి. కుతుబ్‌షాహీ సమాధులు కోటకు దగ్గరే. ఆగాఖాన్ ట్రస్ట్ ఏళ్ల తరబడి చేసిన మరమ్మతులతో వాటికి రూపు తిరిగొచ్చింది. చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా మాత్రం అక్కడ లేడు. ఔరంగజేబు చెరలో, దౌలతాబాద్‌లో పోయాడు.

మక్కా మసీదు

మక్కా మసీదును పర్యటనలో మొదట పెట్టేవాళ్లూ ఉన్నారు, చివర పెట్టేవాళ్లూ ఉన్నారు. చివర పెట్టడమే నయం, మధ్యాహ్నపు నమాజు అయిపోయాక. చెప్పులు విడవాలి, మోకాళ్లు కప్పుకోవాలి, ఆడవాళ్లు తల మీద చున్నీయో కొంగో కప్పుకోవాలి. మహమ్మద్ కుతుబ్‌షా మొదలుపెట్టిన కట్టడం ఔరంగజేబు చేతిలో 1690లలో ముగిసింది. నడుమ వచ్చిన ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే అరకొరగా ఉన్న గోడల్ని చూసి దీన్ని ‘పగోడా’ అని రాసుకున్నాడు. ఒక్క పెద్ద రాయిని గని నుంచి విడదీయడానికి ఐదారువందల మంది ఐదేళ్లు పనిచేశారనీ, దాన్ని లాగడానికి పద్నాలుగు వందల ఎడ్లు కావాల్సి వచ్చిందనీ ఆయన లెక్క. నడిమి కమానుకు మక్కా మట్టితో చేసిన ఇటుకలు వాడారట, పేరు అందుకే వచ్చిందట. ఆవరణలో ఒక పక్క కమాన్ల వరుస కింద పాలరాతి సమాధులున్నాయి, రెండో నిజాం నుంచి ఆరో నిజాం దాకా. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తన తల్లి పక్కన, కింగ్ కోఠీ ఎదుటి జూదీ మసీదులో ఉన్నాడు.

నీటికొలను దగ్గర రాతి బల్లలున్నాయి. వేసవి మధ్యాహ్నాల్లో అవి పెనంలా కాలుతుంటాయి, అయినా గైడులు అక్కడికి తీసుకెళ్లకుండా వదలరు. వాటి మీద ఒకసారి కూర్చున్నవాళ్లు ఎప్పటికైనా మళ్లీ హైదరాబాద్ వస్తారట. పావురాలకు జొన్నలు చల్లి, గైడు చేతిలో డబ్బులు పెట్టి, కారు ఎక్కే ముందు అందరూ ఒక్క క్షణం కూర్చుని లేస్తారు, కాలుతుందని నవ్వుకుంటూ.